ప్రశ్నాపత్రంలో 13కి 8 వస్తే బైపోలార్ ఉన్నట్టేనా?

ఇంటర్ చదివే మీ అమ్మాయి ఫోన్లో బైపోలార్ (కొన్నాళ్లు దిగులు, కొన్నాళ్లు మితిమీరిన హుషారు వచ్చే మానసిక జబ్బు) ప్రశ్నాపత్రం నింపితే 13కి 8 వచ్చాయనీ, మీ తమ్ముడికి ఆ జబ్బు ఉందనీ, ఏం చెయ్యాలో తోచట్లేదనీ రాశారు. మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. మా తమ్ముడిదీ అదే జబ్బు, మా అమ్మాయీ అవే ప్రశ్నలు నింపింది.

13 ప్రశ్నలంటే అది ఎం.డి.క్యూ. (మూడ్ డిజార్డర్ క్వశ్చనేర్) అయ్యుంటుంది. హిర్ష్‌ఫెల్డ్ అనే అమెరికా సైకియాట్రిస్టు, ఆయన తోటివాళ్లు 2000లో పెద్దవాళ్ల కోసం తెచ్చారు. అందులో 7 గాని, అంతకంటే ఎక్కువ గాని "అవును"లు వచ్చినంత మాత్రాన సరిపోదు. కింద ఇంకో రెండు ప్రశ్నలుంటాయి: ఇవన్నీ ఒకే సమయంలో జరిగాయా, వాటివల్ల ఎంత ఇబ్బంది వచ్చింది అని. పిల్లలు ఆ రెండూ వదిలేస్తారు.

మా అమ్మాయికి 9 వచ్చాయి. నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు. కాకినాడలో డాక్టరమ్మ ఒక్కో "అవును" దగ్గరా ఆగి, ఎప్పుడమ్మా, ఎన్ని రోజులు, మర్నాడు ఎలా ఉన్నావని అడిగింది. గలగలా మాట్లాడింది కనుమ నాడు, జగ్గన్నతోట ప్రభల తీర్థంలో బావలూ వదినలూ కలిసినప్పుడు. నిద్ర తగ్గింది పరీక్షలకి, అదీ మధ్యాహ్నం మంచమెక్కి సాయంత్రందాకా లేవలేదు. "నిద్ర చాలకపోవడం వేరు, నిద్ర అక్కర్లేకపోవడం వేరు" అందావిడ.

ఆ రెండోది నేను మా తమ్ముడిలో చూశాను. 19 ఏళ్లప్పుడు దిగులుతో మంచం దిగలేదు. డాక్టరు మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అంటే అమ్మ లేదంది. మా పెదనాన్న సంగతి దాచింది, అప్పుడు నాకు సంబంధాలు చూస్తున్నారు మరి. దిగులుకి మాత్రమే మందిచ్చారు. కొన్ని వారాలకి రాత్రికి రెండు గంటలు పడుకుని, తెల్లారేసరికి కాలవ గట్టు మీద హుషారుగా తిరుగుతున్నాడు. కోలుకున్నాడని సంబరపడ్డాం. రెండు రొయ్యల చెరువులకి అడ్వాన్సు ఇచ్చేశాకగాని అదీ జబ్బేనని మాకు తెలియలేదు. ఈ జబ్బు చాలామందిలో ముందు దిగులుగానే కనపడుతుంది. అలాంటివాళ్లకి దిగులు మందు ఒక్కటే ఇస్తే కొందరిలో ఉన్మాదం, అంటే ఆ మితిమీరిన హుషారు, పైకి లేస్తుంది. అమ్మ ఒక్క ముక్క చెప్పుంటే ఆ డాక్టరు ఇంకోలా చూసేవారు.

లెక్క కూడా చూడండి. ఈ ప్రశ్నాపత్రాన్ని మొదట్లో ఆసుపత్రికొచ్చినవాళ్ల మీద వాడినప్పుడు జబ్బున్న పదిమందిలో ఏడుగురిని పట్టింది, లేని పదిమందిలో ఒకరిని పొరపాటున పట్టింది. అదే 1000 మంది కాలేజీ పిల్లలకిచ్చి, అందులో 10 మందికి జబ్బుందనుకుంటే, దొరికేది ఏడుగురు, ఊరికే భయపడేది 99 మంది. ఈ వయసు పిల్లల విషయంలో వాళ్లు నింపినదానికంటే తల్లిదండ్రులు నింపినదే మెరుగని తర్వాత తేలింది. కాబట్టి అమ్మాయి పక్కన కూర్చుని మీరూ విడిగా నింపండి.

మీ తమ్ముడికుంటే అమ్మాయికి వచ్చితీరుతుందని కాదు, కానీ సైకియాట్రిస్టుకి చూపించడం మాత్రం మానొద్దు. వెళ్లేలోపు గోడ క్యాలెండరు మీద పడుకున్న గంట, లేచిన గంట రాయండి. నాలుగు రోజులు వరసగా తక్కువ నిద్రతోనే అలుపు లేకుండా తిరిగితే, మాట వేగం మారితే ఆగకండి. చచ్చిపోవాలనే మాట వస్తే ఒంటరిగా వదలొద్దు, అదే రోజు తీసుకెళ్లండి. దారి తెలియకపోతే 14416కి ఫోన్ చెయ్యండి, టెలీ మానస్ (మానసిక సమస్యలకి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ) వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు. మీ తమ్ముడికి ఏ వయసులో మొదలైందో, ఏ మందు పనిచేసిందో కూడా అదే కాగితం మీద రాసుకుని వెళ్లండి.