అన్నగారు వాటా అమ్ముతానంటే మాగాణి నిలుస్తుందా?

ప్రశ్న: నాన్నగారు స్వార్జితంతో కొన్న 3 ఎకరాల మాగాణి తెనాలి దగ్గర ఉంది. ఆయన వీలునామా రాయకుండానే కాలం చేశారు. అమ్మ, అన్నయ్య, నేను, చెల్లెలు వారసులం, సాగు నాది. చుట్టూ ఇళ్ల స్థలాల వెంచర్లు పడ్డాయి. హైదరాబాద్‌లో స్థిరపడిన అన్నయ్య తన వాటా ఆ వెంచరువాళ్లకే అమ్ముతానంటున్నాడు. ఈ పొలం ఎప్పటికీ ఎవరూ అమ్మకూడదని కాగితం రాయించమని అమ్మ పట్టుబడుతోంది. అది చెల్లుతుందా? పక్క వెంచరువాళ్లు మెరక తోలి మా మురుగు బోదె పూడ్చేశారు. దానికేం చేయాలి?
– ఒక రైతు, గుంటూరు జిల్లా

జవాబు: ఆస్తిని ఇస్తూ, పుచ్చుకున్నవారు దానిని ఎన్నటికీ అమ్మరాదని పెట్టే షరతు ఆస్తి బదిలీ చట్టం 10వ సెక్షన్ ప్రకారం చెల్లదు. కాబట్టి అమ్మగారు కోరిన కాగితాన్ని నమ్ముకుని ఊరుకోకండి.

మీకు హిందూ వారసత్వ చట్టం వర్తిస్తుందనుకుంటే, అంతకంటే గట్టి ఆధారం అందులోని 22వ సెక్షన్. వీలునామా లేకుండా పోయిన వ్యక్తి ఆస్తి మొదటి తరగతి వారసులు (భార్య, కొడుకులు, కూతుళ్ల వంటివారు) పలువురికి సంక్రమించినప్పుడు, వారిలో ఒకరు తన వాటా అమ్మదలిస్తే, దానిని కొనే మొదటి హక్కు మిగిలినవారిది. ఇది వ్యవసాయ భూమికీ వర్తిస్తుందని హిమాచల్ ప్రదేశ్ నుంచి వచ్చిన ఒక కేసులో 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. మీ నలుగురివీ సమాన వాటాలే గనుక ఒక్కొక్కరికి 75 సెంట్లు వస్తాయి. ధర కుదరకపోతే కోర్టు నిర్ణయిస్తుంది; తీరా ఆ ధరకు మీరు కొననంటే దరఖాస్తు ఖర్చులన్నీ మీరే భరించాలి. వెంచర్ల మధ్య పొలానికి కోర్టు చవక ధర కడుతుందని మాత్రం ఆశించకండి.

ముందు పంచుకుని హద్దురాళ్లు పాతుకోమని ఊళ్లో పెద్దలు చెబుతారు. మీ విషయంలో ఆ తొందర వద్దు. పంపకం పూర్తయి ఎవరి ముక్క వారిదయ్యాక ఈ హక్కు నిలవడం కష్టం. అలాగని ఆలస్యమూ పనికిరాదు. అన్నగారు ఉమ్మడి వాటానే బయటివారికి రాసిస్తే, కొన్నవారు విభజన దావా వేయవచ్చు; వెంచరువాళ్ల కన్ను ఎప్పుడూ రోడ్డు పక్క ముక్క మీదే ఉంటుంది. అందుచేత ఆయన వాటా మీరే కొంటామని న్యాయవాది ద్వారా ఇప్పుడే నోటీసు ఇచ్చి, వాయిదాల మీద సొమ్ము చెల్లించే ఒప్పందానికి ఆయనను ఒప్పించే ప్రయత్నం చేయండి. ఇందులో చెల్లెలిని పక్కన పెట్టకండి. కొనే హక్కు ఆమెకూ, అమ్మగారికీ మీతో సమానంగా ఉంది.

ఇక బోదె సంగతి. అది ప్రభుత్వ బోదె అవునో కాదో సర్వేయరు దగ్గర ఎఫ్.ఎం.బి. (పొలం కొలతల పుస్తకం) పటంలో చూడండి. ప్రభుత్వానిదైతే తహసీల్దారుకూ, జలవనరుల శాఖకూ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. పక్కవారి పట్టా భూమిలోనిదైనా, 20 ఏళ్లుగా అడ్డు లేకుండా, హక్కుగా మీ మురుగు అటే పోతుంటే, సౌకర్య హక్కు కింద సివిల్ కోర్టులో నిషేధ ఉత్తర్వు కోరవచ్చు. వరి కోతకు ముందు చేలో చల్లే మినుము నీరు నిలిస్తే మొలకలోనే కుళ్లిపోతుంది కనుక, పూడిక ఫొటోలు తీసి ఈ పని కోతల లోపే మొదలుపెట్టండి.