బుల్లెట్ ముందు బ్రేక్: కొత్త షూలు వేసినా పట్టడం లేదంటే

డ్రమ్ బ్రేకున్న బుల్లెట్‌కి కొత్త బ్రేక్ షూలు వేశాక కూడా లివర్ మెత్తగా దిగిపోతోందంటే, మొదట బ్రేక్ ప్లేట్‌ని (షూలు బిగించి ఉండే పళ్లెం) అనుమానించండి. అది డ్రమ్ముకి నడిమధ్యన కూర్చోక, ఒక షూనే ఎక్కువగా తాకుతూ ఉండొచ్చు.

1. చక్రం నేల నుంచి లేపి, యాక్సిల్ నట్ కొంచెం వదులు చేయండి.
2. చక్రం తిప్పి, లివర్ గట్టిగా నొక్కండి.
3. నొక్కి పట్టుకునే నట్ బిగించండి. చాలామంది ఇక్కడే తప్పుతారు: లివర్ వదిలేసి బిగిస్తే ప్లేట్ మళ్లీ పక్కకు జరుగుతుంది. ఒక్కరే ఉంటే సైకిల్ ట్యూబు ముక్కతో లివర్‌ని గ్రిప్‌కి కట్టేయండి.
4. ఆ తర్వాతే కేబుల్ సర్దండి. చక్రం రాసుకోకుండా తిరగాలి.

నొక్కినప్పుడు కేబుల్‌కీ క్యామ్ ఆర్మ్‌కీ (ప్లేట్ మీద కేబుల్ లాగే చిన్న చెయ్యి) మధ్య కోణం 90 డిగ్రీలు దాటితే పట్టు తగ్గుతుంది.

ఒంగోలు దగ్గరి కొత్తపట్నం బీచ్ దారి ఇసుక డ్రమ్ములో చేరి ఉంటే తడిగుడ్డతో తుడవండి. నోటితో మాత్రం ఊదకండి, పాత షూ లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదం.