90 వేల సేఫ్టీ ప్యాకేజీ ఇప్పుడే వద్దండి

ప్రశ్న: మా అబ్బాయి పాలిటెక్నిక్ సివిల్ అయ్యాక ఏడాదిన్నరగా హైదరాబాద్ నార్సింగి సైడు ఒక అపార్ట్‌మెంట్ ప్రాజెక్టులో సైట్ సూపర్‌వైజర్‌గా చేస్తున్నాడు. ఇప్పుడు సేఫ్టీ లైన్‌లోకి పోతా అంటున్నాడు. ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు నెబోష్, ఓషా 30, ఆరు నెలల సేఫ్టీ డిప్లొమా అన్నీ కలిపి 90 వేలు, గల్ఫ్‌లో జాబ్ గ్యారంటీ అంటున్నారు. కట్టమంటారా? (ఒక తండ్రి, జగిత్యాల జిల్లా)

నమస్తే అండి. డబ్బు ఇంకా కట్టలేదు కదా, మంచి పని చేశారు, కాస్త ఆగండి. లైన్ మంచిదే, అబ్బాయి ఆలోచన కూడా తప్పేం కాదు, ఆ ప్యాకేజీయే ఇప్పుడు వద్దంటున్నా.

సేఫ్టీ ఆఫీసర్ అంటే కంపెనీ వాళ్లు ఊరికే ఇచ్చే పేరు కాదండి, చట్టంలో ఉన్న పోస్టు. 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం కింద 1998లో వచ్చిన కేంద్ర రూల్స్ ప్రకారం 500 మంది అంతకంటే ఎక్కువ పనిచేసే చోట ఉండాలని ఉండేది, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లో నిర్మాణ పనులకి ఆ లెక్క 250కి దించారు, అంటే పోస్టులు పెరుగుతాయనే నా అంచనా. కానీ ఆ 1998 రూల్స్‌లో అర్హత ఏం రాశారో చూడండి. బీటెక్ అయితే నిర్మాణ పనిలో సూపర్‌వైజర్ స్థాయిలో 2 ఏళ్లు, డిప్లొమా అయితే 5 ఏళ్లు చేసి ఉండాలి, దాని మీద గుర్తింపు ఉన్న ఇండస్ట్రియల్ సేఫ్టీ డిగ్రీనో డిప్లొమానో, అందులో కన్‌స్ట్రక్షన్ సేఫ్టీ ఒక పేపర్‌గా చదివి ఉండాలి. మీవాడికి ఏడాదిన్నరే కదా అయింది. ఇప్పుడు ఎన్ని సర్టిఫికెట్లు కొన్నా ఆ మిగతా మూడున్నరేళ్లు ఎవరూ అమ్మరు.

అదే రూల్‌లో ఇంకో మాట ఉంది, చాలామంది చదవరు. సైట్‌లో ఎక్కువమంది లేబర్ మాట్లాడే భాష ఆ ఆఫీసర్‌కి బాగా వచ్చి ఉండాలి అని. ఇది ఎందుకు పెట్టారో నాకు సైట్‌లోనే అర్థమైంది. ఈ కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేను సైట్ ఇంజనీర్‌ని. రోజూ పొద్దున టూల్‌బాక్స్ టాక్ అని లేబర్‌ని నిలబెట్టి పది నిమిషాలు చెప్పేవాణ్ణి, సేఫ్టీ బెల్ట్ హుక్ ఎప్పుడూ తల పైన వేయాలి, కాళ్ల దగ్గర వేయొద్దు అని, అదీ తెలుగులో. అందరూ తలూపేవాళ్లు. ఒకరోజు పైకెక్కి చూస్తే సెంట్రింగ్ పని చేసే ఒడిశా కుర్రాడు హుక్ తెచ్చి కాళ్ల దగ్గర ఊగుతున్న పైప్‌కి తగిలించి ఉన్నాడు, అడిగితే నవ్వాడు, వాడికి నా మాట ఒక్క ముక్క అర్థం కాలేదని అప్పుడు తెలిసింది. 1.8 మీటర్ల బెల్ట్ తాడుని కాళ్ల దగ్గర తగిలిస్తే మనిషి ఆగేలోపే మూడున్నర మీటర్లు కిందకి పోతాడు, ఒక అంతస్తు ఎత్తు కంటే ఎక్కువ, ఇక ఆ బెల్ట్ ఉండి ఏం లాభం. మర్నాటి నుంచి వాళ్ల మేస్త్రీని పక్కన పెట్టుకుని, బెల్ట్ నేనే వేసుకుని చూపించి, తర్వాత వాళ్లలో ఒకణ్ణి పిలిచి నువ్వు వేసి చూపించు అనేవాణ్ణి. సేఫ్టీ ట్రైనింగ్ అంటే నా లెక్కలో అదే, పీపీటీలు, సంతకాల రిజిస్టర్ ఆ తర్వాత. మీ అబ్బాయికి హిందీ ఎంత వచ్చో మీరు రాయలేదు, రాకపోతే ముందు అది నేర్చుకోమనండి, పైసా ఖర్చు లేదు, ఆ సైట్‌లో బీహార్, జార్ఖండ్ వాళ్లు ఎలాగూ ఉంటారు.

ఈ మూడున్నరేళ్లూ ఉన్న సైట్‌లోనే సేఫ్టీ వాళ్ల వెనక తిరగమనండి. స్కాఫోల్డింగ్ (పరంజా) మీద ఇక ఎక్కొచ్చు అని పచ్చ ట్యాగ్ కట్టే ముందు వాళ్లు ఏం చూస్తున్నారు, వెల్డింగ్‌కి పర్మిట్ ఎవరు ఇస్తున్నారు, లిఫ్ట్ గుంత దగ్గర, డక్టుల దగ్గర అడ్డు తీసేసి మళ్లీ పెట్టకుండా పోతున్నది ఎవరు, ఇవన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం సెల్లార్ తవ్వకం. హైదరాబాద్‌లో పక్క మట్టి కూలి లేబర్ చనిపోయారనే వార్త వింటూనే ఉంటాం. ఒక క్యూబిక్ మీటర్ మట్టి ఒకటిన్నర టన్ను పైమాటే, ఛాతీ దాకా పడినా ఊపిరాడదు. ఒకటిన్నర మీటర్ దాటితే పక్కలకి సపోర్ట్ కట్టడమో వాలుగా తవ్వడమో చేయాలి, తవ్విన మట్టి, జేసీబీ గట్టు అంచున ఉండకూడదు, వాన పడితే దిగే ముందు మళ్లీ చూడాలి. ఇది చూసి 'దిగొద్దు, పని ఆపండి' అని ప్రాజెక్ట్ మేనేజర్ ముందు అనగలడా? అనలేకపోతే ఈ లైన్ కష్టమండి, స్లాబ్ డేట్ దగ్గర పడ్డప్పుడు సేఫ్టీ వాణ్ణి ఎవరూ ప్రేమగా చూడరు.

ఇక కోర్సులు. నెబోష్ అంటే సేఫ్టీ పరీక్షలు పెట్టే బ్రిటన్ బోర్డు, ఐజీసీ అనే సర్టిఫికెట్‌కి గల్ఫ్‌లో విలువ ఉన్న మాట నిజమే. కానీ ఇంగ్లీష్‌లో సైట్ పరిస్థితి చదివి సొంతంగా జవాబులు రాయాలి, ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీష్ పరీక్షలో 6.0 స్థాయి ఇంగ్లీష్ ఉంటే మంచిదని నెబోష్ వాళ్లే చెప్తారు. జవాబులు మేమే రాసిస్తాం అనే బాపతు కూడా తిరుగుతున్నారు, దొరికితే రిజల్ట్ రద్దు, అటువైపు చూడొద్దు. ఓషా 30 అమెరికా లేబర్ డిపార్ట్‌మెంట్ ప్రోగ్రాం, అక్కడి సూపర్‌వైజర్ల కోసం పెట్టింది, ఇక్కడ ఆ పేరుతో ఇచ్చేది చాలాసార్లు ఇన్‌స్టిట్యూట్ సొంత కాగితమే, దానికోసం విడిగా డబ్బు కట్టడం నాకైతే దండగ. ఆరు నెలల డిప్లొమా సంగతి, ఏ బోర్డు ఇస్తుందో రాతపూర్వకంగా ఇమ్మనండి, నోటి మాట వద్దు. ఇండియాలో సేఫ్టీ ఆఫీసర్ అవ్వాలంటే చెన్నై రీజినల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్, ముంబై సెంట్రల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్ లాంటి కేంద్ర సంస్థల ఏడాది డిప్లొమా బరువైనది, అనుభవం వచ్చాక దానికి ట్రై చేయాలి.

గల్ఫే కావాలి అంటే నాలుగో ఏడు దాటాక ఐజీసీ ఒక్కటి చేయిస్తే చాలు, నెబోష్ వెబ్‌సైట్‌లో పేరు ఉన్న సెంటర్‌లోనే. జాబ్ గ్యారంటీ అన్నవాళ్లని ఒక్కటే అడగండి: జాబ్ రాకపోతే ఫీజు వాపస్ అని స్టాంప్ పేపర్ మీద రాసిస్తారా అని. వాళ్లు ఏమన్నారో నాకు రాయండి.