ఉప ఎన్నికల జాబితా పంపిన తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. ఆస్ట్రేలియాలో సిడ్నీ రాజధానిగా ఉన్న బ్రిటిష్ వలస న్యూ సౌత్ వేల్స్ అసెంబ్లీలో సభ్యులు ఎలా మారుతూ వచ్చారో రాయాలనుకున్నావు. మన భాషలో ఇటువైపు చూసేవాళ్లు తక్కువ, అందుకు సంతోషం. కానీ చదువుతుంటే రేషన్ కార్డుల జాబితా తిరగేస్తున్నట్టే ఉంది. ఫలానా నియోజకవర్గం, ఫలానా తేదీ, ఫలానా ఆయన రాజీనామా, ఉప ఎన్నిక, ఫలానా ఆయన గెలుపు. మొదటి నుంచి చివరిదాకా ఇదే.

అందులో ఇంకో చిక్కు కూడా ఉంది. చాలాచోట్ల సీటు పోగొట్టుకున్నదీ, ఉప ఎన్నికలో గెలిచిందీ ఒకే మనిషి. చదివేవాడు మొదటిసారి అచ్చుతప్పు అనుకుంటాడు. మూడోసారికి అతనికి తెలంగాణ ఉద్యమం గుర్తొస్తుంది. ఎమ్మెల్యేలు రాజీనామా చేసి మళ్లీ అదే సీటుకు నిలబడటం, 2010 జూలైలో 12 చోట్ల ఉప ఎన్నికలు జరగడం మనవాళ్లు కళ్లారా చూసినవే. సిడ్నీలోనూ అలాంటి పంతమే ఏదో నడిచిందని ఊహించుకుంటాడు. అది అతని తప్పు కాదు, నువ్వు చెప్పలేదు కాబట్టి వచ్చింది. అక్కడ జరిగింది నిరసన కాదు, చట్టం చేయించిన పని.

ఇంగ్లండ్‌లో 1707 నాటి చట్టం ఒకటి ఉండేది. సభ్యుడు రాజుగారి దగ్గర జీతం వచ్చే పదవి తీసుకుంటే అతని సీటు ఖాళీ అయినట్టే. "ఇప్పుడు నేను రాజుగారి కొలువులో చేరాను, అయినా నన్నే ఉంచుకుంటారా?" అని ఓటర్లను మళ్లీ అడగాలి. మంత్రి పదవికీ ఇదే వర్తించేది. 1908లో చర్చిల్ మంత్రి అవగానే మాంచెస్టర్‌లో ఇలాగే ఉప ఎన్నికకు వెళ్లి ఓడిపోయి, డండీకి పరుగెత్తి అక్కడ గెలిచాడు. ఈ ఆచారం బ్రిటన్‌లో పూర్తిగా పోయింది 1926లోనే. దాని చుట్టరికం మనకూ ఉంది. మన రాజ్యాంగం మంత్రులను మినహాయించింది గానీ, ప్రభుత్వం కింద లాభం వచ్చే పదవిలో ఉన్నవాళ్లు సభ్యులుగా ఉండకూడదనే లాభదాయక పదవి నిబంధనను ఉంచింది. 2006లో ఆ గొడవ మీదే సోనియా గాంధీ రాజీనామా చేసి రాయ్‌బరేలీ నుంచి మళ్లీ గెలిచారు. ఈ ముక్క చెబితే చాలు, పాఠకుడు నీ వెంట నడుస్తాడు.

ఇప్పుడు ఇదే నియమం నడిచిన 1856 సిడ్నీని చూడు. 54 మంది సభ్యులతో కొత్త అసెంబ్లీ మే నెలలో మొదలైంది. జూన్‌లో డొనాల్డ్‌సన్ ప్రభుత్వం, ఆగస్టు చివర కౌపర్ ప్రభుత్వం, అక్టోబర్‌లో పార్కర్ ప్రభుత్వం. నాలుగు నెలల్లో మూడు. ప్రభుత్వం మారినప్పుడల్లా, అసెంబ్లీ నుంచి మంత్రి అయిన ప్రతివాడూ ఓటర్ల దగ్గరికి వెళ్లాల్సిందే. తిరిగి ఎన్నికయ్యేదాకా సభలో అడుగు పెట్టడానికి లేదు. పోటీకి ఎవరూ రాకపోతే నామినేషన్ రోజే పని అయిపోతుంది. వస్తే మాత్రం టెన్షన్ మొదలు. నీ జాబితాలో 1856 దగ్గర కిక్కిరిసిన పేర్లకు కారణం ఇదే. అక్కడ నువ్వు ఒక్క వాక్యమైనా ఆగలేదు.

జార్జ్ రీడ్ సంగతి చూడు. నువ్వు ఒక్క వరుసలో దాటేశావు, నాకైతే అక్కడ కథే కనిపించింది. 1882 ఎన్నికల్లో ఈస్ట్ సిడ్నీలో అతను గెలిచాడు, మహా నాయకుడు హెన్రీ పార్క్స్ ఓడిపోయాడు. (ఆ రోజుల్లో అన్నిచోట్లా ఒకే రోజు పోలింగ్ ఉండేది కాదు. అందుకే పార్క్స్ అవే ఎన్నికల్లో టెంటర్‌ఫీల్డ్‌కు వెళ్లి గెలవగలిగాడు.) 1883లో రీడ్ విద్యా మంత్రి అయ్యాడు. 1884లో ఎన్నికల కమిటీ లెక్క తీసి, చట్టం ఒప్పుకున్నంతమంది మంత్రులు అప్పటికే ఉన్నారు కాబట్టి నీ నియామకం కుదరదు, నీ సీటు చెల్లదు అంది. మళ్లీ ఉప ఎన్నిక. ఈసారి రీడ్ కొద్ది తేడాతో ఓడిపోయాడు. తర్వాత పదేళ్లకు ఆ వలస రాజ్యానికి ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) అయినవాడు, ఒక సాంకేతిక కారణానికి ఇంట్లో కూర్చోవాల్సి వచ్చింది!

డబ్బు సంగతి కూడా మర్చిపోకు. 1889 దాకా సభ్యులకు జీతం లేదు. ఆ ఏడాది నుంచి ఏటా 300 పౌండ్లు ఇచ్చారు. అంతకుముందు సొంత సంపాదన దెబ్బతింటే సీటూ పోయేది. పార్క్స్ 1858లో తన పత్రిక 'ఎంపైర్' మునిగి దివాలా తీసినప్పుడు సభ వదిలాడు, 1870లో మళ్లీ అదే గతి. అయినా 1872లో ప్రీమియర్ అయ్యాడు, మొత్తం ఐదుసార్లు అయ్యాడు. నువ్వు రెండుచోట్లా "వ్యక్తిగత కారణాలు" అని రాశావు. అప్పులవాళ్లు తలుపు కొడుతుంటే దాన్ని వ్యక్తిగత కారణం అని సరిపెడతామా?

ఇంకో మాట. 1860ల గురించి రాస్తూ "అధికార పార్టీ", "ప్రతిపక్ష పార్టీ" అన్నావు. అప్పటికి మనం అనుకునే పార్టీలు లేవు, నాయకుల చుట్టూ చేరిన గుంపులే ఉండేవి. స్వేచ్ఛా వాణిజ్యం, రక్షణ సుంకాలు అంటూ పార్టీలుగా విడిపోవడం 1887 ప్రాంతం నుంచి. కార్మికుల పార్టీ అయిన లేబర్ 1891లో వచ్చింది. "ప్రజలు తీర్పు ఇచ్చారు" అని కూడా తేలిగ్గా రాయకు. అక్కడ ఆడవాళ్లకు ఓటు వచ్చింది 1902లో.

అన్నిటికన్నా పెద్ద అవకాశం 1898లో వదులుకున్నావు. ఆస్ట్రేలియా వలసలు కలిసి ఒకే దేశం కావాలన్న సమాఖ్య ప్రతిపాదనకు ఆ జూన్ ప్రజాభిప్రాయ సేకరణలో ఆమోదం దక్కాలంటే 80,000 ఓట్లు కావాలి, అన్ని రాలేదు. జూలై సాధారణ ఎన్నికల్లో సమాఖ్య ఉద్యమ నాయకుడు ఎడ్మండ్ బార్టన్, ప్రీమియర్ రీడ్ మీదే నిలబడి ఓడిపోయాడు. నాయకుడు సభ బయట మిగిలిపోయాడు. అప్పుడు హేస్టింగ్స్ అండ్ మెక్లే సభ్యుడు ఫ్రాన్సిస్ క్లార్క్ తన సీటు ఆయన కోసం ఖాళీ చేశాడు. ఉప ఎన్నికలో బార్టన్ గెలిచాడు, 1901 జనవరి 1న ఆస్ట్రేలియా మొదటి ప్రధాని అయ్యాడు. నీ జాబితాలో ఇది "క్లార్క్ రాజీనామా, బార్టన్ ఎన్నిక", అంతే. అసలు నీ వ్యాసం అక్కడ మొదలుపెట్టి వెనక్కి 1856కు వెళ్లొచ్చు.

అన్ని పేర్లూ వాడాలని లేదు. నాలుగైదు కుర్చీలు ఎంచుకో, అవి ఎందుకు ఖాళీ అయ్యాయో, ఆ ఖాళీ ఎవరికి పనికొచ్చిందో చెప్పు. మిగతా జాబితా పారేయకు, చివర చిన్న అక్షరాల్లో వేసుకో. వెతికేవాళ్లకు పనికొస్తుంది.

ముందు బార్టన్ భాగం రాసి పంపు, చూస్తాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య