వీడియోలో కనబడనివి ఉంటాయండి

డిప్రెషన్, ఆందోళనలకు ఇచ్చే వెన్లాఫాక్సిన్ మందు మోతాదు పెంచాక అమ్మగారికి తలనొప్పి మొదలైందని, కాలు ఒకచోట నిలవడం లేదని, వీడియో కాల్‌లో ఆవిడను చూసిన డాక్టర్ మాత్రం బాగానే ఉన్నారన్నారని రాశారు. ఈసారి నేరుగా చూపించండి, ఆలస్యం చేయొద్దు. ఈ మందు కొందరిలో బీపీ పెంచుతుంది, అది తెర మీద తెలియదు. ముఖమొక్కటే కనిపిస్తే కాళ్ల అశాంతి, చేతుల వణుకు డాక్టర్‌కు ఎలా తెలుస్తాయి? అప్పటిదాకా రోజూ బీపీ చూసి రాసిపెట్టండి. పెద్దవయసైతే రక్తంలో సోడియం పరీక్ష గురించీ అడగండి, ఈ రకం మందులతో అది తగ్గొచ్చు.

మందు మాత్రం మీ అంతట మీరు ఆపకండి. ఒక్కసారిగా మానేస్తే తలతిరుగుడు, తలలో కరెంటు కొట్టినట్టు అనిపించడం మొదలవ్వొచ్చు.

ఇంకో మాట. ఇంట్లో అందరూ పక్కనే కూర్చుంటే ఆవిడ మనసులోది చెప్పలేరు, కాసేపు డాక్టర్‌తో ఒంటరిగా మాట్లాడనివ్వండి. చనిపోవాలనే మాట వస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.