పేరు పలకని సర్వర్: మేనల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

భీమవరంలోని మీ రొయ్యల మేత ఆఫీసులో లైను ఉన్నట్టే ఉన్నా వెబ్‌సైట్లు తెరుచుకోవడం లేదనీ, అన్ని కంప్యూటర్లలోనూ నేమ్ సర్వర్‌గా, అంటే వెబ్‌సైటు పేరు చెబితే దాని అంకెల చిరునామా చెప్పే డీఎన్ఎస్ సర్వర్‌గా, గూగుల్ వారి 8.8.8.8 పెట్టేద్దామనుకుంటున్నాననీ నిన్న ఫోనులో చెప్పావు. తొందరపడవద్దన్నాను గాని, ఎందుకన్నానో చెప్పేలోగా లైను తెగిపోయింది.

ముందు లోపం పేర్లదేనా అన్నది తేల్చుకో. కమాండ్ ప్రాంప్ట్‌లో 8.8.8.8కి పింగ్ కొట్టు, అంటే అవతలి యంత్రం పలుకుతోందా అని అడుగు. దానికి జవాబు వచ్చి, వెబ్‌సైటు పేరుతో కొట్టినప్పుడు మాత్రం పేరే దొరకలేదని చెబితే, లైను బాగానే ఉంది, పేరును చిరునామాగా మార్చే చోట చిక్కుంది. రెండూ విఫలమైతే ముందు చూడవలసింది మోడెమ్‌నూ తీగలనూ. శివారు చేనుకు నీరందకపోతే మీ తాతయ్య ధవళేశ్వరం బయలుదేరేవారు కాదు, ముందు సొంత బోదెలో అడ్డుపడిన గుర్రపుడెక్క తీసేవారు.

తరువాత పనిచేస్తున్న కంప్యూటరు ఒకటి, పనిచేయనిది ఒకటి ఎంచుకుని, రెండింటిలోనూ నెట్‌వర్కు సెట్టింగులన్నీ చూపే ఐపీకాన్ఫిగ్ ఆల్ (ipconfig /all) ఆదేశం ఇచ్చి, ఐపీ చిరునామా, డీహెచ్‌సీపీ సర్వర్ (కంప్యూటర్లకు చిరునామాలూ సెట్టింగులూ పంచేది), డీఎన్ఎస్ సర్వర్లు అన్న పంక్తులను కాగితం మీద పక్కపక్కన రాసుకో. ఐపీ చిరునామా 169.254తో మొదలైతే ఆ యంత్రానికి చిరునామా ఇచ్చినవారే లేరన్నమాట. డీహెచ్‌సీపీ సర్వర్ రెండింటిలో రెండు రకాలుగా కనిపిస్తే, గోదాములో వైఫై అందడం లేదని ఎవరో పాత రూటరు తెచ్చి తగిలించారేమో వెతుకు. చిరునామా అడిగిన ఏ కంప్యూటరుకైనా అది తన సెట్టింగులే పంచిపెడుతుంది. నేను చూసిన చిన్న ఆఫీసుల్లో ఇలాంటి రూటరు తరచూ బీరువా వెనకాల దొరికేది.

ఇక అసలు విషయం. పేరుకు చిరునామా ఏమిటని నేమ్ సర్వర్‌ను అడిగే ఆదేశం ఎన్ఎస్‌లుకప్ (nslookup). అందులో పేరు తరువాత సర్వర్ చిరునామా కూడా ఇస్తే, అది ఆ సర్వర్‌నే అడుగుతుంది. జాబితాలోని ప్రతి సర్వర్‌నూ ఇలా విడిగా అడిగి, జవాబే రాలేదా, లేక ఆ పేరు లేదని జవాబు వచ్చిందా అన్నది జాగ్రత్తగా గమనించు. మొదటి సర్వర్ పలకకపోతేనే కంప్యూటరు రెండోదాని దగ్గరకు వెళుతుంది. మొదటిది లేదని చెప్పిందంటే అదే తీర్పు, రెండోదాన్ని అడగదు. ఈ తేడా తెలియక నేను ఒక రైసు మిల్లు ఆఫీసులో రెండు రోజులు మాట పడ్డాను. లోపలి పేర్లకు జవాబు చెప్పే సొంత సర్వర్‌ను మొదటగా, 8.8.8.8ను రెండోదిగా పెట్టి గొప్ప ఏర్పాటు చేశాననుకున్నాను. వర్షాకాలంలో కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ కంప్యూటర్లు ముందు లేచేవి, సర్వర్ తీరిగ్గా లేచేది. ఈలోగా అవి 8.8.8.8ను అడిగితే, మన అకౌంట్ల సర్వర్ పేరు బయటివారికి ఏం తెలుసు, లేదని చెప్పేది. ఇంటర్నెట్ అంతా హాయిగా వస్తూ, అకౌంట్లు మాత్రం సగం బల్లల మీద తెరుచుకునేవి కావు. మీ ఆఫీసులో కూడా లోపలి సర్వర్ ఉందన్నావు కనుకనే నిన్ను ఆపాను. బయటి సర్వర్ కావాలంటే దానిని లోపలి సర్వర్‌లోనే ఫార్వర్డర్‌గా, అంటే తనకు తెలియని పేర్లను అది అడిగే సర్వర్‌గా, పెట్టాలి గాని, కంప్యూటర్ల జాబితాలో చేర్చకూడదు.

ఎన్ఎస్‌లుకప్ సరైన చిరునామా చెబుతున్నా పింగ్ మాత్రం వేరే చిరునామాకు పోతుంటే, ఆ కంప్యూటరులోనే పేర్లూ చిరునామాలూ రాసి ఉండే హోస్ట్స్ ఫైలు తెరిచి చూడు. 1983లో పాల్ మొకపెట్రిస్ ఈ నేమ్ సర్వర్ల పద్ధతిని రూపొందించక ముందు నెట్‌వర్కులోని పేర్లన్నీ అలాంటి ఒక్క ఫైలులోనే ఉండేవి. ఆ పాత అలవాటు విండోస్‌లో ఇంకా మిగిలే ఉంది, నీకు ముందు పనిచేసినవారు అందులో ఏదైనా రాసి మరిచిపోయి ఉండవచ్చు. ఎన్ఎస్‌లుకప్ ఆ ఫైలును చదవదు.

మార్చవలసి వస్తే డీహెచ్‌సీపీ ఇచ్చే చోట ఒక్కసారి మార్చు, బల్ల బల్లకూ తిరిగి చేత్తో కొట్టకు. మార్చేముందు పాత అంకెలు రిజిస్టరులో రాసుకో. మార్చాక, కంప్యూటరు గుర్తుపెట్టుకున్న పాత జవాబులను చెరిపే ఫ్లష్ డీఎన్ఎస్ (ipconfig /flushdns) ఆదేశం ఇవ్వకపోతే పాత జవాబే కొంతసేపు వస్తుంది.

ఆ రెండు కంప్యూటర్ల పంక్తులూ ఈ సాయంత్రం వాట్సాప్‌లో పంపు. అవి చూసేదాకా 8.8.8.8 జోలికి పోకు.

మీ మామయ్య