పిల్లల దగ్గర ఫోన్లు లేని బడిలో పేపర్ వాడకం ఎలా తగ్గించాం

సార్, మీ హైస్కూల్‌కి పెద్ద టచ్ ప్యానెల్ వచ్చింది, పిల్లలకు ఫోన్లు లేవు, జిరాక్స్ ఖర్చు తగ్గాలంటే ఏ యాప్ వాడాలి అని అడిగారు. యాప్ సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ బడిలో కాగితం ఎక్కడ పోతోందో ఒకసారి లెక్క వేయండి.

నేను నర్సంపేట దగ్గర ఒక జెడ్పీ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. ఎనిమిది, తొమ్మిది, పది కలిపి 118 మంది. వారానికో స్లిప్ టెస్ట్, తలకో ఎ4 కాగితం. ముప్పై వారాలే అనుకున్నా 3,540 కాగితాలు. అంటే ఏడు రిమ్ములు, రిమ్ము రెండున్నర కిలోలు. ఒక్క నా సబ్జెక్టుకే పదిహేడు కిలోల పైన! మార్కులు చూసుకున్న మరు నిమిషం అవన్నీ విమానాలై వరండాలో ఎగిరేవి.

మొదటి ప్రయత్నం ఘోరంగా ఫెయిలయింది. వాట్సాప్ గ్రూపులో పీడీఎఫ్ పెట్టడం మొదలుపెట్టాను. బడిలో జిరాక్స్ ఆగిందని సంబరపడ్డాను కూడా. పది రోజులకు ఒక పాప చేతిలో నా పీడీఎఫే కలర్ ప్రింట్ రూపంలో కనిపించింది. ఫోన్ వాళ్ల నాన్నది. ఆయన పత్తి బండితో ఎనుమాముల మార్కెట్‌కు పోతే మళ్లీ ఎప్పుడొస్తాడో తెలియదు. అందుకని రాత్రే జిరాక్స్ షాపు నంబర్‌కు పంపించి, పొద్దున బడికి వస్తూ పది రూపాయలిచ్చి తెచ్చుకుందట. కనుక్కుంటే సగం క్లాసు అదే పని చేస్తోంది. బడి బిల్లు పిల్లల జేబు మీద పడింది, అంతే.

ఆ తర్వాత పని చేసింది చాలా మామూలు పద్ధతి. ప్రశ్నలు ప్యానెల్ మీద, జవాబులు నోట్‌బుక్‌లో. పోయినేడాది నోట్‌బుక్కుల్లో మిగిలిన తెల్ల పేజీలు చింపి, కుట్టి, ఒక్కొక్కరికి టెస్ట్ బుక్ తయారు చేయించాను. కాపీ కొట్టకుండా తెరను రెండు భాగాలు చేసి, ఎడమ వరుసలకు ఒక సెట్, కుడి వరుసలకు ఇంకో సెట్ ఇస్తాను. అక్షరాలు బాగా పెద్దవి పెట్టండి, కిటికీ వెలుగు తెర మీద పడితే వెనక బెంచీకి ఏమీ కనపడదు. చూపు తక్కువున్న ఒక బాబుకు మాత్రం ఇప్పటికీ ప్రింటే ఇస్తాను. కరెంటు పోతే? బ్లాక్‌బోర్డు ఎక్కడికీ పోలేదు కదా.

బిట్లకు మాత్రం ప్లికర్స్ అనే యాప్ వాడతాను. ఫోన్ టీచర్ దగ్గర ఒక్కటి ఉంటే చాలు. ప్రతి పిల్లవాడికీ వేరే గుర్తున్న కార్డు ఒకటి ఇస్తాం. ఎ, బి, సి, డిలలో ఏది జవాబనుకుంటే ఆ అక్షరం పైకి వచ్చేలా కార్డు తిప్పి పట్టుకుంటారు. ఫోన్ కెమెరా క్లాసంతా తిప్పితే ఎవరు ఏం పెట్టారో వచ్చేస్తుంది. కార్డులు ఒకసారి ప్రింట్ తీసినవే ఏడాదంతా నడుస్తాయి.

పదో తరగతికి జనవరి తర్వాత ఇదంతా బంద్. లెక్కల పరీక్ష మూడు గంటలు చేత్తో రాయాల్సిందే, చేయి తిరగాలంటే ప్రశ్నపత్రం, తెల్ల కాగితం ముందుండాలి. అక్కడ పొదుపు చేయొద్దు.

మా స్టాఫ్‌లో ఒక సార్‌ది కాగజ్‌నగర్. "మా ఊరి పేపర్ మిల్లు 2014లో మూతపడి 2018లో మళ్లీ తెరుచుకుంది, ఇప్పుడు నువ్వు మూయిస్తావా?" అని ఏడిపిస్తాడు. పిల్లలు రాసే కాగితం జోలికి నేను పోలేదు సార్, చూసి పారేసేదే ఆపాను అంటే, "అయితే ఆఫీసు వాళ్లకు చెప్పు" అన్నాడు. అదీ నిజమే. ఆన్‌లైన్‌లో ఎక్కించిన వివరాలనే మళ్లీ రెండు సెట్లు హార్డ్ కాపీ అడుగుతారు. దానికి నా దగ్గర మందు లేదు. రెండు వైపులా ప్రింట్ కొట్టి ఇస్తున్నాను, ఇంతవరకు ఎవరూ వెనక్కి పంపలేదు.

ఇంకోటి, ప్లికర్స్ కార్డులు లామినేషన్ చేయించకండి. ట్యూబ్‌లైట్ మెరుపు పడి ఫోన్ వాటిని చదవలేకపోయింది, మాకు రెండు వందలు దండగయ్యాయి. పాత పెళ్లి పత్రికల అట్టల మీద అతికిస్తే సరిపోతుంది.